ఒత్తిగిలి తాగే పాప

ఊయల మళ్ళీ పాపను వెల్లకిలా తిప్పేసింది. పుట్టుకతోనే దవడ చిన్నదైన నిర్వికి అలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఊపిరాడదు. పక్కకు ఒత్తిగిలి ఉంటేనే పాలు గొంతు దిగుతాయి. ఇప్పుడు ఇంటింటా ఉన్న ఈ మాట్లాడే మర ఊయలలకు మాత్రం పిల్లలందరూ ఒకటే.

“మా పాప తీరు వేరని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అని అరిచాను.

“శిశువు వెల్లకిలా ఉండుట క్షేమం,” అంది ఊయల తీయగా.

పాపను ఎత్తుకుంటే, ఖాళీ అయ్యానని కాలనీ అంతా వినబడేలా సైరన్ మోగిస్తుంది. ఆ మోతకు ఉలిక్కిపడి పాపకు పొలమారుతుంది.

“దాంతో వాదనేమిటమ్మాయ్, మీ మావయ్యతో వాదించినట్టు!” అంటూ అత్తయ్య వంటింట్లోంచి సన్నికల్లు పొత్రం తెచ్చింది. “బారసాలనాడు పిల్లకంటే ముందు దీన్నే కదా ఊయల్లో పడుకోబెట్టాం. మళ్ళీ పడుకుంటుందిలే.”

నేను పాపను తీయగానే ఆవిడ రాయిని పెట్టింది.

“శిశువు క్షేమం,” అని ఊయల జోల అందుకుంది.

నేను నేలమీద కాళ్ళు చాపుకుని, నిర్విని ఒత్తిగిలేలా పడుకోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా పాలు పట్టాను. గిన్నె ఖాళీ అయింది. పెదవులు నీలం తిరగకుండా ఎర్రగానే ఉన్నాయి. హమ్మయ్య అని పాపను భుజానికెత్తుకున్నాను.

“నెమ్మదిగా తేన్పు తెప్పించు,” అంది అత్తయ్య గొంతు తగ్గించి. “పొత్రం ఇప్పుడే నిద్రపోయింది.”