పురుగు తిన్న ఆకు

“గడప తియ్యకూడదు, గుమ్మం కదపకూడదు, చెక్క కొయ్యకూడదు. మరి మా మామయ్య బయటికి ఎలా రావాలి సార్? పొగగొట్టంలోంచా?”

ఆమె బస్సు కండక్టరు. నిండు బస్సులో వెనక సీటుదాకా వినపడే గొంతు. పాత కట్టడాల కార్యాలయంలో అన్ని బల్లల దగ్గరా పెన్నులు ఆగిపోయాయి.

“అరిస్తే నిబంధన మారదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మీ ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. అదీ ఆ గుమ్మం వల్లే.”

“చెక్కకి జాబితా ఉంది. మనిషికి లేదా?”

పక్క బల్ల దగ్గరి గుమస్తా తన మంచినీళ్ల సీసా ఆమె ముందుకి జరిపింది. తాగాక గొంతు కాస్త తగ్గిందే గానీ కోపం తగ్గలేదు.

మామయ్యకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్లి వారానికి మూడుసార్లు వ్యాయామం చేయిస్తే కాలు తిరిగొస్తుందనీ, ఆర్నెల్లు దాటితే ఆశ లేదనీ డాక్టరు చెప్పింది. చక్రాల కుర్చీ చూస్తే గుమ్మంలో పట్టదు. రెండు పక్కలా, వెనకా పొరుగిళ్ల గోడలే. భర్త లారీ ఎక్కితే పది రోజులకి గానీ దిగడు. ఒకసారి పొరుగువాళ్లిద్దరు మోసుకెళ్లబోయి, ఆ ఎత్తు గడప తట్టుకుని ఆయన్ని కింద పడేశారు.

“పోనీ, దారి ఏదైనా ఉంటే మీరే చెప్పండి.”

“నూరేళ్లు నిండనివాటికి ఈ నిబంధన వర్తించదు. ఆ గుమ్మం అంతకంటే కొత్తదని ఒక్క ఆధారం చూపించండి, నిలబడ్డపళాన సంతకం పెడతాను. రేపు చివరి తనిఖీకి వస్తాను. ఈలోగా వెతుక్కోండి.”

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అడిగింది.

“మామయ్యా, ఈ ఇల్లు అమ్మినాయన గుమ్మం గురించి ఏమైనా చెప్పాడా?”

“వాళ్ల ముత్తాత చేయించాడని అందరికీ చెప్పుకునేవాడు.”

“అంతేనా?”

“ఆయన చెప్పుకున్నది అంతే.”

ఆమె కొలత టేపు కోసం సొరుగులన్నీ లాగసాగింది.

“వెతక్కమ్మా. లోపలి వెడల్పు ఇరవై రెండున్నర అంగుళాలు,” అన్నాడాయన మంచం మీంచే.

టేపు దొరికాక కొలిచి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. వడ్రంగి కన్ను మరి. జీవితమంతా బడులకి బెంచీలు చేసిన మనిషి. నాలుగు కాళ్లు, ఒక పలక, మళ్లీ నాలుగు కాళ్లు. కొత్త ఇళ్లు రెండు బేరానికొచ్చినా కాదని, ఈ పాత కొంపే కావాలని పట్టుబట్టి కొన్నాడట. ఎందుకో పోయిన అత్తయ్యకి కూడా అంతుబట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా అడిగాడు. తల దువ్వమన్నాడు.

“ఆఫీసరంటే అంత భయమేంటి మామయ్యా! వచ్చేది మన నోట్లో మట్టి కొట్టడానికి!”

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టార్చిలైటు వెలుగు గుమ్మం మీద కిందినుంచి పైదాకా నెమ్మదిగా పాకింది.

“ఈ కలపకే నూట యాభై ఏళ్లుంటాయి,” అన్నాడు.

“కలప పాతదే బాబూ,” అన్నాడు మామయ్య మంచం మీంచి.

“దీని మీద చెక్కిన ఈ తీగ చూడండి. ముప్పై ఎనిమిది ఆకులు. ఏ రెండూ ఒక్కలా ఉండవు.”

“ముప్పై తొమ్మిది. ఒకటి పువ్వు చాటున ఉంది.”

ఇన్‌స్పెక్టరు వంగి లెక్కపెట్టాడు. “నిజమే!” అన్నాడు ఆశ్చర్యంగా.

“నాలుగు నెలలుగా దాన్నే చూస్తూ పడుంటే ఎన్నున్నాయో తెలీదా?” అంది కోడలు పళ్లు నూరుతూ.

ఇన్‌స్పెక్టరు వినిపించుకోలేదు. “ఇదిగో, ఈ మూల ఆకు. పురుగు తిన్నట్టు అంచు కొరికి ఉంది. ఎవరూ అడగని పని ఇది. పని మీద ప్రాణం పెట్టినవాడే చేస్తాడు. ఇలాంటి చెయ్యి మళ్లీ పుట్టదు.”

“ఆ ఆకు సంగతి ఇంకోసారి చెప్పండి బాబూ.”

అతను మళ్లీ చెప్పాడు. కోడలికి ఒళ్లు మండిపోయింది.

“మామయ్యా! ఆయన మిమ్మల్ని లోపల పెట్టి తాళం వేస్తుంటే మీరు కథ విన్నట్టు ఊ కొడతారేంటి? బెంచీలు చేసుకునేవాళ్లం, మనకెందుకీ ఆకులూ తీగలూ?”

ఆయన తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. “పెద్దాయనా, నాకూ ఇంట్లో నాన్న ఉన్నాడు. కాగితమే కానక్కర్లేదు, మీ మాటైనా రాసుకుంటాను. ఇది కొత్తదని ఎవరైనా అనగా ఎప్పుడైనా విన్నారా?”

మామయ్య గుమ్మం వైపు చాలాసేపు చూశాడు.

“లేదు బాబూ. ఎవరూ అనలేదు.”

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి, తిరస్కరిస్తున్నట్టు రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టి, గడప జాగ్రత్తగా దాటి వెళ్లిపోయాడు.

ఆమె కాగితం ఉండచుట్టి విసిరికొట్టింది. గడపని ఫెడీమని తన్నింది. వేలు చితికింది. కాలు పట్టుకుని అక్కడే కూలబడి ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో అరిచింది.

“ఈ గుమ్మం చెక్కినవాడి చెయ్యి పడిపోను!”

మామయ్య నవ్వాడు. ఒళ్లోని కుడి చేతిని ఎడమ చేత్తో నిమురుకున్నాడు.

“పడిపోయి నాలుగు నెలలయిందమ్మా.”