తొంభై దగ్గర పచ్చగీత

తొంభై శాతం అయిందంటే ఇంకా పదే మిగిలిందని మీకెవరు చెప్పారు?

అరకులో తేజ ఫోటో స్టూడియో. నా భార్య చిట్టెమ్మ ఫోటో కోసం అతని కంప్యూటర్లో వెతికిస్తున్నాను. వెతకడం ఎంత శాతం అయిందో చూపే పచ్చగీత తెర మీద తొంభై దాకా వెళ్లి, ఉన్నట్టుండి నలభైకి పడిపోయింది.

"ఏటి బాబూ, ఎనక్కెల్లిపోతంది?"

"అది సూసిన ఫోల్డర్లనే లెక్కెడతాది, అయ్యగారూ. ఒకటి తెరిస్తే లోపల ఇంకో పదున్నాయి. మొత్తం ఎన్నో ముందే దానికేటి తెలుసు? సివర ఎప్పుడో ఎవులికీ తెల్దని సర్చిలో పాస్టరుగా మీరే వాక్యం సెప్తారు గదా!" అని తేజ నవ్వాడు.

ఒళ్లో బైబిలుతో ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

"దొరికింది. ఎంత సైజు కావాల?"

"సమాధి రాయికి సరిపడా."

చిట్టెమ్మకు టీబీ. ఆరు నెలలు మందు వాడాలని నర్సమ్మ కొండెక్కి వచ్చి, దగ్గరుండి మింగించేది. నాలుగో నెలలో దగ్గు తగ్గింది. "దేవుడు తొంభై శాతం బాగుచేసేసినాడమ్మా, ఇంక నువ్వు రానక్కర్లేదు" అని నర్సమ్మను నేనే తిప్పి పంపాను. మాత్రలు ఆగిపోయాయి, జబ్బు మళ్లీ తిరగబెట్టింది.

మీ ఇంట్లో సగంలో ఆపేసిన టీబీ మాత్రల అట్ట ఉందా? ఇది చదవడం ఇక్కడే ఆపండి. ఆ మాత్రలు ఆపేసిన మనిషిని ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.