పక్క మిషన్ అక్క

“బాత్రూమ్‌కి వెళ్లాలన్నా మీ అనుమతి కావాలా సార్? మేం మనుషులం కాదా?” కిటికీ పక్కన చొక్కాలు కుట్టే అమ్మాయి మిషన్ ఆపి లేచి నిలబడింది.

సూపర్‌వైజర్ నవ్వాడు. “ముఖం మీదే అడిగేవాళ్లంటే నాకిష్టమమ్మా. ఈ ఇబ్బంది ఇంకెవరికైనా ఉందా?”

ఆమె పక్క మిషన్ అక్క వైపు చూసింది. “నువ్వడుగు. నీ వెనక మేమంతా లేమూ?” అంటూ పొద్దున ధైర్యం నూరిపోసింది ఆవిడే. అక్క ఇప్పుడు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. మిగతావాళ్లూ కిక్కురుమనలేదు.

“అంటే నీ ఒక్కదానికేనన్నమాట. రేపట్నుంచి ఇస్త్రీ గదిలో చెయ్యి. ఆ వేడికి నోరు తగ్గుతుంది.”

సాయంత్రం ఆమె కత్తెర, టేపు సర్దుకుంటుంటే అక్క వచ్చి భుజం మీద చెయ్యేసింది.

“ఏం మనుషులే వీళ్లు! ఒక్కరైనా నోరు విప్పారా? నాకైతే అన్యాయం చూస్తే ఒళ్లు మండిపోతుంది.”

అమ్మాయి టేపు చుట్టి సంచిలో వేసుకుంది. అక్క గొంతు తగ్గించింది.

“ఈ కిటికీ దగ్గర గాలి బాగా వస్తుంది కదా. ఎవరో కూర్చునే బదులు నాకిమ్మని సార్‌ని అడిగాను. నువ్వేమీ అనుకోవుగా?”

అమ్మాయికి కడిగిపారెయ్యాలనిపించింది. కానీ తిట్టాలన్నా మన మనిషై ఉండాలి.

“కూర్చోండి,” అని పక్కకి తప్పుకుంది. పనిలో చేరిన నాటి నుంచీ నోరారా పిలిచిన ‘అక్కా’ అన్న మాట ఇక నోటికి రాలేదు.