పగార్లోంచి వకీలు

“బెయిల్‌కు వేరే, కేసుకు వేరే ఏంది సాబ్? మనిషొక్కడే గదా?”

కనకవ్వ కుర్చీ అంచున కూర్చుని అడిగింది. ఆల్థాన్ పేటలోని ఆ ఆఫీసులో వకీలు మాస్కు గడ్డం కిందికి లాక్కొని పొగాకు మావా నములుతున్నాడు. ఆమె వైపు మాత్రం మాటిమాటికీ శానిటైజర్ కొడుతున్నాడు. కరోనా అంతా పేదోళ్ల దగ్గరే ఉన్నట్టు!

“బెయిలంటే బయటికి తేవడం. కేసంటే ఆ తర్వాత ఏళ్ల తరబడి కొట్లాడటం. వాయిదా వాయిదాకూ నా ఫీజు ఉంటుంది. గుమాస్తాకు వేరే, జిరాక్సులకు వేరే, రానుపోను వేరే,” అన్నాడు హిందీలో.

“కోర్టు ఫోన్లనే నడుస్తున్నదంటిరి. మరి రానుపోను ఖర్చు ఎందుకు?”

వకీలు నవ్వాడు. సిగ్గుతో నవ్వినా బాగుండేది.

“జర ఊకో అక్కా. అసలుకే ఎసరొస్తది,” అన్నాడు పక్కనున్న కూలీల మేస్త్రీ, ముకాదం మొండయ్య.

జైల్లో ఉన్నది వాళ్ల సేటే. లాక్‌డౌన్‌లో కార్ఖానా షటర్‌కు బయట తాళమేసి, లోపల దొంగచాటుగా బట్ట నేసే సాంచెలు నడిపించాడు. మోటారు అంటుకుని, పొగకు ఊపిరాడక ఒక మనిషి పోయాడు. సేటు అరెస్టయ్యాడు, అందరికీ రావాల్సిన నెల పగారూ ఆగిపోయింది. సేటు తమ్ముడు ఏమన్నాడో తెలుసా? “అన్న బయటికొచ్చి సంతకం పెడితేనే పగార్. వకీలు ఖర్చు మీ పగార్లోంచే కోస్తా. కావాలంటే పోయి బేరమాడుకోండి.” థూ! ఏం పుట్టుకలో!

అందరూ వెనకాడితే, నూలు బాబిన్లు చుట్టే కనకవ్వే నేను పోతానంది. ఉన్ బస్తీలోని అద్దెగదిలో ఇద్దరు పిల్లలు గంజి తాగి పడుకుంటున్నారు. పగార్ చేతికొస్తే వాళ్లను తీసుకుని సొంతూరికి రైలెక్కాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

వకీలు ఆమె బోసి మెడ చూశాడు. “మెడలోది కూడా అమ్ముకున్నావా? సరే, జిరాక్సులు వదిలేస్తా.” పెద్ద దానం చేసినట్టు మొహం పెట్టాడు.

కనకవ్వ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది.

“మన వాదన తేలికే. చచ్చినవాడు తాగి, బీడీ ఆర్పకుండా పడుకున్నాడు. మంట వాడి వల్లే.”

“ఆయన బీడీ ముట్టడు సాబ్.”

“నీకెలా తెలుసు?”

“ఒక్కకాడ పనిచేసినం గదా.”

“కోర్టుకు అవన్నీ అక్కర్లేదు.”

కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. పిల్లలు గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

“ఇంకేమన్న ఉన్నదా?”

“అసలుది ఇదే. చచ్చినవాడి ఇంటివాళ్లు బెయిల్‌కు అడ్డం రామని కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. వాళ్ల నోరు మూయించడానికే అన్నిటికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. అది మాత్రం తగ్గదు.”

మొండయ్య తల దించుకున్నాడు.

“ఆ ఖర్చు కొట్టెయ్యి సాబ్.”

“ఊరికే ఎవరొప్పుకుంటారమ్మా? పోయింది వాళ్ల మనిషి!”

కనకవ్వ బల్ల మీది ఇంకు డబ్బా దగ్గరికి లాక్కుని బొటనవేలు అద్దింది.

“పోయింది నా పెనిమిటే.”