ఒక్క గీత పడకుండా

“కుడికో ఎడమకో, ఏదో ఒకటి ఏడు! చేతులు ఊపడం కూడా చేతకాదా?” డ్రైవరు సీట్లోంచి అరిచాడు టానర్.

వెనకాల నిలబడి దారి చూపిస్తున్న అతని భార్య కిర్‌స్టెన్‌కి ఏడుపొక్కటే తక్కువ. చూస్తుండగానే, లోపలే వంటా పడకా అన్నీ ఉండే ఇల్లంత ఆర్వీ బండి రివర్సులో వచ్చి చెక్కబల్లని గుద్దింది. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ క్యాంపులో సాయంత్రం పూట అందరికీ అదే వినోదం. ఎవరి బండి ఎలా వెనక్కి వెళ్తుందో చూడ్డానికి మడతకుర్చీలు వేసుకుని మరీ కూర్చుంటారు. పరాయి మొగుడూ పెళ్ళాల కీచులాటంటే ఎవరికి చేదు?

వీళ్ళిద్దరికీ పెళ్ళై నెల కాలేదు. మినియాపొలిస్, డులూత్ చూసేశారు. ఫార్గో మీదుగా గ్లేసియర్ పార్కు దాకా ఇంకా బోలెడు దారి ఉంది.

“రేపు బస్సెక్కి మా అమ్మ దగ్గరికి పోతున్నా. నీ పార్కులు నువ్వే చూసుకో,” అంది కిర్‌స్టెన్. ఉత్త బెదిరింపు కాదు, లోపలికెళ్ళి సంచి సర్దేసింది కూడా.

అంతలో పక్క స్థలంలోకి ఓ పాత ఆర్వీ వచ్చింది. నెరిసిన జుట్టావిడ దిగి వెనక్కి వెళ్ళింది. స్టీరింగు దగ్గర ముసలాయన. అరుపు లేదు, కేక లేదు. ఆవిడ రెండు వేళ్ళెత్తింది. బండి రెండు పైన్ చెట్ల మధ్య ఒద్దికగా ఆగింది. కుర్చీల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఇన్నేళ్ళలో ఒక్క గీత పడిందేమో చూపించండి!” అన్నాడు ముసలాయన ఎల్రాయ్, బండిని నిమురుతూ.

“అదంతా నా చేతుల చలవ,” అంది వెర్నా.

“కాదన్నదెవరు?”

కిర్‌స్టెన్ ఉండబట్టలేక వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఎల్రాయ్ బండి పక్కన చిన్న గుడారం వేసుకుంటున్నాడు. గురక గోల కాబోలనుకుంది.

“ఈ విద్య మాకూ చెప్పరూ?”

“విద్యేముంది పిల్లా!” అంది వెర్నా. “నాకు తెలీకపోతే తెలీదంటాను. ఆగమంటే ఆగుతాడు, ఎందుకని అడగడు.”

“అద్దంలో ఈవిడ మొహం కనబడకపోతే బండి కదపను,” అన్నాడు ఎల్రాయ్.

“మా ఆయనకి రోషం అడ్డమొచ్చి అద్దం కనబడదు.”

వెర్నా నవ్వింది. “పిలు మీ వాణ్ణి.”

“నాకెవరూ నేర్పక్కర్లేదు,” అని గొణిగాడు టానర్. కానీ సర్దిన సంచి గుమ్మంలోనే ఉంది. దాన్ని చూసి నోరు మూసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కిర్‌స్టెన్ చెయ్యెత్తింది. ఆపాడు. అద్దంలో కళ్ళు కలిశాయి. మళ్ళీ ఊపింది. బండి మెల్లగా జరిగి సరిగ్గా చోట్లో నిలబడింది. చప్పట్లు మోగాయి. కిర్‌స్టెన్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు.

“అంతా మా ఆవిడ గొప్పే!” అని అందరికీ వినబడేలా అన్నాడు టానర్.

బస్సు మాట మళ్ళీ రాలేదు. మంట చుట్టూ నలుగురూ కూర్చున్నారు. ఎల్రాయ్ కాఫీ పోసి ముందుగా వెర్నాకే అందించాడు. టానర్ అది చూసి, తన కప్పు తీసి కిర్‌స్టెన్ చేతిలో పెట్టాడు.

“మేమూ ముసలాళ్ళయ్యాక అచ్చం మీలా ఉండాలి,” అంది కిర్‌స్టెన్ మనసారా. “నిజం చెప్పండి, ఈయన మీ మీద ఎప్పుడూ అరవలేదా?”

వెర్నా గర్వంగా తలెత్తింది.

“విడాకులయ్యాక ఒక్కసారి కూడా అరవలేదు.”