టార్గెట్ సాంబయ్య

“దొరికిందన్నా టార్గెట్! సాంబయ్య!” ఫోన్‌లో కేకేసింది అంబ్రీన్.

పొద్దుటి నుంచి ఆ బెల్లంపల్లి ఆస్పత్రి మేడ మీద సర్వర్‌తో కుస్తీ పడుతోంది పాపం. ఫైళ్లన్నీ కింది గదిలోని స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి. వాటిని తెచ్చే బరువు సర్వర్ మీద పడకుండా నెట్‌వర్క్ కార్డుకే అప్పజెప్పారు. తీరా చూస్తే సర్వర్‌కు అడ్రస్ ఇచ్చి, కార్డుకు ఇవ్వడం మరిచారు. ఇక అదెక్కడికి పోయి వెతుకుతుంది, దాని మొహం!

“శభాష్! ఇగ ఆలస్యం వద్దు, ఖతం జేద్దాం,” అన్నాడు కింద పెట్టె దగ్గరున్న సాగర్.

పది నిమిషాలైనా కాలేదు, తలుపు ధడాలున తెరుచుకుంది. ఇనుపరాడ్డు అంబ్రీన్ భుజం మీద పడింది. కుర్చీతో సహా కూలిపోయింది.

“ఎవలు పంపిన్రే నిన్ను? మా పాలోళ్లేనా?”

వాచ్‌మన్ సాంబయ్య! కళ్లు చింతనిప్పులు. భూమి తగాదాలో పాలోళ్లు, అంటే దాయాదులు, చంపుతామన్న నాటి నుంచి నీడను చూసినా ఉలిక్కిపడుతున్నాడు.

“ఎవలు పంపుడేంది కాకా? నేను కంప్యూటర్ పనికి వచ్చిన!”

“టార్గెట్ సాంబయ్య అన్లే? ఖతం జేద్దాం అన్లే? కింద ఫోన్ల నా చెవులార విన్న!”

ఆ ఊళ్లో టార్గెట్ అన్న మాటకు ముసలీముతకా ఎరిగిన అర్థం ఒక్కటే, చంపాల్సిన మనిషి. రెండో దెబ్బకు ముంజేయి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. నుదురు చిట్లి కళ్లలోకి నెత్తురు కారుతోంది. సాంబయ్య గొంతు పట్టుకున్నాడు. ఇంట్లో ఆర్నెల్ల బిడ్డ ఉంది, చావకూడదు, చావకూడదు అనుకుంది అంబ్రీన్.

“అల్లా కసం కాకా! టార్గెట్ అంటె మనిషి గాదు, పెట్టె! గీ కార్డు ఎతికే పెట్టెను గట్లంటరు. చూడు, జర స్క్రీన్ చూడు!”

పట్టు కొంచెం సడలింది.

“పెట్టెకు నా పేరెందుకుంటదే?”

“మొన్న దాన్ని మెట్ల మీదికెళ్లి కింది గదిలకు భుజాన మోసుకపోయినవు గద! పేరేం పెట్టాలె అంటె సాగరన్న ప్రేమతోని నీ పేరు పెట్టిండు!”

సాంబయ్య స్క్రీన్ కేసి చూశాడు. నిజమే, పెట్టె బొమ్మ కింద తన పేరే. చేతిలోని రాడ్డు జారి కింద పడింది. అంబ్రీన్ గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. బతికాననే సంతోషం, పట్టరాని కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“నా చెయ్యి ఇరగ్గొట్టే ముందు కింద సాగరన్నను ఒక్క మాట అడగొద్దా కాకా?”

సాంబయ్య తలుపు కేసి చూశాడు.

“గిదే ముచ్చట ఆయన పానం బోయేదాంక చెప్తనే ఉండె బిడ్డా... నేనే నమ్మలే.”