ఎదురింటి తలుపు

ఓస్వాల్దో పచ్చ తలుపును పిడికిలితో దబదబా బాదాడు.

"దొనాతక్కా! మేం వచ్చాం! అర్జెంటీనా నుంచి! తలుపు తియ్యి!"

తలుపు తెరుచుకోలేదు.

మిట్టమధ్యాహ్నం. భార్య గ్రసియేలా పెట్టె మీద కూలబడి చెమట తుడుచుకుంటోంది. కూతురు నోర్మాకు ఒళ్ళు మండిపోతోంది. సెలవులకు సముద్రం దగ్గరికి వెళదామంటే వినకుండా, తండ్రి ఇటలీ కొండల్లోని పియెత్రాఫోస్కాకు లాక్కొచ్చాడు. తాత పుట్టిన ఊరట. పెదతాత కూతురు దొనాతా ఇంకా ఆ పాత ఇంట్లోనే ఉందట. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. వస్తున్నామని కబురు మాత్రం ముందే పంపారు.

అప్పుడు వెనక, ఎదురింటి తలుపు కిర్రుమంది.

నల్ల గౌను, నల్ల తలగుడ్డ, బక్కపలచని ముసలామె.

"ఇటు రా నాయనా. ఆ ఇల్లు మూసేశాం. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నా."

"దొనాతక్కా?"

ఆమె ఒక్క క్షణం పచ్చ తలుపు వైపు చూసింది.

"ఎండలో ఎంతసేపు నిలబడతారు? లోపలికి రండి."

ఓస్వాల్దో ఆమెను వాటేసుకుని భోరుమన్నాడు. ఆమె మాత్రం ఏడవలేదు. అక్కడే అతని మనసు చివుక్కుమంది.

ఇంట్లో వంటిల్లు కాక ఉన్నది ఒకటే గది, ఒకటే పెద్ద మంచం. అది వాళ్ళకిచ్చి ఆమె వంటింట్లో కుర్చీలో కునికింది. తిండి చిక్కుడు గింజల పులుసు, గట్టి రొట్టె. మధ్యాహ్నం అదే, రాత్రీ అదే, మర్నాడూ అదే.

"మా నాన్న చిన్నప్పటి ఫొటో ఒక్కటైనా లేదా అక్కా?"

"ఎక్కడ పెట్టానో. ఇంకో ముక్క రొట్టె వేసుకో."

"పోనీ ఆ పాత ఇల్లు ఒక్కసారి తెరిచి చూపించు. నా బదులు నువ్వు ఆ గడప తొక్కిరారా అని అడిగి మరీ పోయాడు నాన్న. దాని కోసమే వచ్చాను."

"తాళంచెవి పోయింది నాయనా."

మర్నాడు పొద్దున నోర్మా కిటికీ దగ్గర నుంచి తండ్రిని పిలిచింది.

"ఆ మూసిన ఇంట్లోంచి కాఫీ వాసన వస్తోంది నాన్నా."

"రాదూ మరి! ఎవరికో అద్దెకిచ్చి ఉంటుంది. గడప తొక్కనిస్తే వాటా అడుగుతామని భయం!"

"నెమ్మదిగా. ఆవిడ వింటుంది," అంది గ్రసియేలా.

"విననీ! వినాలనే అంటున్నా!"

ఆ సాయంత్రం మళ్ళీ చిక్కుడు గింజలే వచ్చాయి. ఓస్వాల్దో చెంచా విసిరికొట్టాడు.

"మా నాన్న వాటాకు రావాల్సిన ఆలివ్ తోట మొత్తం మింగి కూర్చున్నావు. ఆయన కొడుకు ఇంత దూరం వస్తే ఈ గింజలు పడేస్తావా? ఆయన పుట్టిన గది చూడనివ్వవా? నీ ఒంట్లో ఉన్నది మా రక్తమేనా?"

ముసలామె చేతిలో గరిటె ఆగింది. ఏదో అనబోయింది. కిటికీలోంచి పచ్చ తలుపు వైపు చూసి, మాట మింగేసింది.

"కోపం రాదూ మరి. తిన్నాక కోప్పడు నాయనా, చల్లారిపోతుంది."

నోర్మాకు ఆ నిదానం చూస్తే ఇంకా మండింది. తప్పు చేసినవాళ్ళే ఇలా తల వంచుకుంటారు అనుకుంది.

బయల్దేరే రోజు పొద్దున్నే బల్ల మీద కోడికూర ఘుమఘుమలాడింది. గుమ్మంలో నోర్మా బూటు తాళ్ళు పొడుస్తూ తిరిగే గుడ్లకోడి మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క కోడే.

"చూశావా?" ఓస్వాల్దో పళ్ళు కొరికాడు. "పోయే రోజున మాంసం! పీడ వదిలిందని పండగ చేసుకుంటోంది!"

అతను ముట్టుకోలేదు. నోర్మా కూడా పళ్ళెం తోసేసింది.

ముసలామె కూర గిన్నెను గుడ్డలో మూటగట్టి, బస్సు దాకా వెంట నడిచి, నోర్మా ఒళ్ళో పెట్టింది.

"దారిలో ఆకలేస్తే తిను తల్లీ."

నోర్మా ముఖం తిప్పుకుంది. సాయంత్రమే నేపుల్స్‌లో విమానం. ఇక ఈ ఊరి మొహం చూడనక్కర్లేదు.

బస్సు కొండ దిగుతుంటే, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న ఓస్వాల్దో తిట్లు లంకించుకున్నాడు. రాతిగుండె అన్నాడు. పిసినారి అన్నాడు. నాన్నకు ఏం ముఖం పెట్టుకుని చెప్పుకోను అన్నాడు. ఎక్కడా ఆగలేదు.

డ్రైవరు ఆ ఊరివాడే. అద్దంలోంచి ఎర్రగా చూశాడు.

"ఎవర్నండీ ఆ తిట్టడం?"

"ఇంకెవర్ని! మా దొనాతక్కని!"

మలుపులో బస్సు గక్కున ఆగింది.

"దొనాతానా? తిట్టండి. నా తరఫున ఇంకో నాలుగు కలిపి తిట్టండి. మీరు వాటా అడగడానికొస్తున్నారని భయపడి చచ్చింది. మీరు పచ్చ తలుపు బాదుతుంటే లోపల గడియ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. మీరున్నన్నాళ్ళూ కిటికీ రెక్క కూడా తియ్యలేదు."

"మరి మేమున్న ఇంట్లో ఆవిడ?" గ్రసియేలా అడిగింది.

"ఆవిడ పేరు ఫెలీచెత్తా. సముద్రం దాటి వచ్చినవాడికి సొంతవాళ్ళే తలుపు వేశారని తెలియకూడదని ఊరందరి చేతా ఒట్టు పెట్టించింది. నా చేత కూడా. ఇంతసేపూ మీ తిట్లు విన్నాక నా వల్ల కాలేదు."

నోర్మా ఒళ్ళో మూట ఇంకా వేడిగానే ఉంది.

"ఆవిడ మీకు ఏమవుతుంది?" అంది నెమ్మదిగా. తను అన్నది తప్పుగా ఉందని తోచి సరిదిద్దుకుంది. "అదే, మాకు ఏమవుతుంది?"

డ్రైవరు గేరు మార్చాడు.

"ఏమీ కాదమ్మా."